ఇంగ్లిష్ రాతలో ప్రిపొజిషన్ పదబంధాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈమెయిలైనా, సెలవు చీటీ అయినా, నివేదికైనా ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు కలం ఎక్కువగా ఆగేది ఇన్, ఆన్, ఎట్, టు, ఫర్, ఆఫ్ లాంటి చిన్న మాటల (ప్రిపొజిషన్ల) దగ్గరే. అడిగేవారు మారుతున్నా అడిగే సందేహాలు మాత్రం మారడం లేదు. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందే ఉంది కాబట్టి మీకు కావలసిన చోటు నుంచి చదువుకోవచ్చు. ఇంగ్లిష్ ఉదాహరణలను తెలుగు లిపిలోనే ఇచ్చాను. ఒక్కొక్కటి పైకి చదివితే చెవికి అలవాటు పడతాయి.

## మొదలుపెట్టేటప్పుడు

ప్రిపొజిషన్ పదబంధం అంటే ఏమిటి? ప్రిపొజిషన్ ఒక్కటి నేర్చుకుంటే చాలదా?

ప్రిపొజిషన్, దాని తర్వాత వచ్చే నామవాచకం లేదా సర్వనామం, ఆ రెంటి మధ్య ఉండే విశేషణాలు అన్నీ కలిసి ఒక పదబంధం. ‘ఆన్ ద టేబుల్’, ‘ఇన్ ఎ స్మాల్ బ్లూ బాక్స్’, ‘విత్ హర్’ అలాంటివే. ‘బిఫోర్ లీవింగ్’ కూడా అదే కోవలోది. అక్కడ నామవాచకం చేయవలసిన పనిని ‘ఇంగ్’ చేరిన క్రియ చేస్తుంది.

ప్రిపొజిషన్‌ను విడిగా నేర్చుకుంటే చాలదు. ‘ఇన్ టైమ్’ అంటే సమయం మించిపోకముందే అని, ‘ఆన్ టైమ్’ అంటే చెప్పిన సమయానికి సరిగ్గా అని అర్థం. ‘ఎట్ ది ఎండ్ ఆఫ్ ద లెటర్’ అంటే ఉత్తరం చివర. ‘ఇన్ ది ఎండ్’ అంటే ఎన్నో జరిగాక చివరికి. ఇన్, ఆన్, ఎట్ అనే మాటల అర్థాలు విడివిడిగా ఎంత బాగా తెలిసినా ఈ తేడాలు బయటపడవు. పదబంధాన్ని ముక్కలు చేయకుండా మొత్తంగా పట్టుకోవాలి.

విభక్తులు మనకు తెలిసినవే కదా. వాటినే ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటే సరిపోదా?

సరిపోదు. మనవాళ్ల రాతలో కనిపించే పొరపాట్లలో సగానికి మూలం ఈ ఆలోచనే అని నా అభిప్రాయం. డు, ము, వు, లు ప్రథమా విభక్తి అంటూ బడిలో వల్లించినవారికి ప్రతి విభక్తికీ ఇంగ్లిష్‌లో ఒక జోడీ ఉంటుందని అనిపించడం సహజమే. కానీ అలాంటి జోడీలు లేవు.

ఒక్క ‘కు’నే తీసుకోండి. ఐదు గంటలకు అనడానికి ‘ఎట్ ఫైవ్’ అంటారు. బడికి వెళ్లాడు అంటే ‘టు స్కూల్’. సోమవారానికి పూర్తిచేస్తాను అంటే ‘బై మండే’. దగ్గుకు మందు అంటే ‘ఫర్ ఎ కాఫ్’. ఆమెకు ఇద్దరు పిల్లలు అంటే ‘షి హ్యాజ్ టూ చిల్డ్రన్’. ఇక్కడ ప్రిపొజిషనే లేదు. మన ప్రత్యయం ఒకటే అయినా అటువైపు అయిదు దారులయ్యాయి.

‘తో’, ‘మీద’ కూడా ఇంతే. కత్తితో కోశాడు అన్నప్పుడు ‘విత్ ఎ నైఫ్’ సరైనదే. జ్వరంతో బాధపడుతున్నాడు అన్నప్పుడు మాత్రం ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అనాలి. ఆమెతో పెళ్లయింది అంటే ‘మ్యారీడ్ టు హర్’. పుస్తకం బల్ల మీద ఉంటే ‘ఆన్ ద టేబుల్’, కోపం నా మీద ఉంటే ‘యాంగ్రీ విత్ మీ’. ఏ ప్రిపొజిషన్ రావాలో నిర్ణయించేది మన విభక్తి కాదు. ఇంగ్లిష్ వాక్యంలో పక్కనున్న క్రియో, విశేషణమో, నామవాచకమో దాన్ని నిర్ణయిస్తుంది. సఫర్ అనే మాట ఫ్రమ్‌ను కోరుతుంది. అంతే.

ఒకే పదబంధం ఒకచోట విశేషణం, మరోచోట క్రియావిశేషణం అంటారు. ఎలా కనిపెట్టాలి?

‘ద బుక్ ఆన్ ద టేబుల్ ఈజ్ మైన్’ అనే వాక్యంలో ‘ఆన్ ద టేబుల్’ ఏ పుస్తకమో చెబుతోంది. కాబట్టి అది విశేషణం పని చేస్తోంది. ‘ఐ లెఫ్ట్ ద బుక్ ఆన్ ద టేబుల్’లో అదే పదబంధం ఎక్కడ వదిలానో చెబుతోంది. కాబట్టి క్రియావిశేషణం. ఏది, ఎలాంటిది అనే ప్రశ్నకు జవాబైతే మొదటిది. ఎక్కడ, ఎప్పుడు, ఎలా, ఎందుకు అనే ప్రశ్నలకు జవాబైతే రెండోది.

ఇది కేవలం పరీక్షల కోసం నేర్చుకునే తేడా కాదు. తెలుగులో ‘బల్ల మీద పుస్తకం’ అనడం కంటే ‘బల్ల మీద ఉన్న పుస్తకం’ అనడమే ఎక్కువ. ఆ ‘ఉన్న’ను వదులుకోలేక ‘ద బుక్ విచ్ ఈజ్ దేర్ ఆన్ ద టేబుల్’ అని రాసేస్తారు. ఇంగ్లిష్‌కు దాని అవసరం లేదు. నామవాచకం వెనకే పదబంధాన్ని చేరిస్తే ‘ఉన్న’ అనే అర్థం దానంతట అదే వస్తుంది. ‘విచ్ ఈజ్ దేర్’, ‘హూ ఈజ్ దేర్’ అన్నవి మీ రాతలో ఎక్కడైనా కనిపిస్తే తీసేసి చదవండి. చాలాసార్లు వాక్యం తేలికపడుతుంది.

మొత్తం ఎన్ని ప్రిపొజిషన్లు ఉన్నాయి? అన్నీ బట్టీ పట్టాలా?

‘ఇన్ ఫ్రంట్ ఆఫ్’, ‘బికాజ్ ఆఫ్’ లాంటి జంట మాటలను కూడా లెక్కిస్తే వందకు పైనే ఉంటాయి. రోజువారీ రాతలో పనంతా చేసేవి మాత్రం పది, పన్నెండే. ఇంగ్లిష్‌లో అత్యధికంగా వాడే పది పదాల జాబితాల్లో టు, ఆఫ్, ఇన్ మామూలుగా కనిపిస్తాయి. పాత ఇంగ్లిష్‌లోనూ నామవాచకాల చివర మన విభక్తుల్లాంటి ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమంలో అవి చాలావరకు అరిగిపోయాయి. అవి మోసిన బరువంతా ఈ చిన్న మాటల మీద పడింది. ఇన్నిన్ని అర్థాలు ఒక్కో మాటకు చేరడానికి అదీ ఒక కారణం. జాబితా బట్టీ పట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు.

## సమయం, తేదీ, చోటు రాసేటప్పుడు

సమయానికి ఎట్, ఆన్, ఇన్‌లలో ఏది వాడాలి?

గడియారం చూపే సమయానికి ఎట్, రోజుకూ తేదీకీ ఆన్, నెలకూ సంవత్సరానికీ శతాబ్దానికీ ఇన్ వాడతారు. ‘ఎట్ త్రీ’, ‘ఆన్ ఫ్రైడే’, ‘ఆన్ 5 మార్చ్’, ‘ఇన్ మార్చ్’, ‘ఇన్ 2024’ అని రాస్తారు. నెల పేరు రెండుచోట్లా ఉన్నా తేదీ తోడైతే ఆన్ వస్తుందని గమనించండి.

పూటల దగ్గర కాస్త జాగ్రత్త అవసరం. ‘ఇన్ ద మార్నింగ్’, ‘ఇన్ ది ఈవినింగ్’ అంటారు కానీ రాత్రికి ‘ఎట్ నైట్’ అంటారు. పూటకు రోజు పేరు జతపడితే మళ్లీ ఆన్ వస్తుంది: ‘ఆన్ మండే మార్నింగ్’. సమావేశానికి పిలిచేటప్పుడు ‘ఎట్ త్రీ ఆన్ ఫ్రైడే’ అని చిన్నది ముందు, పెద్దది తర్వాత రాస్తే చదివేవారికి హాయి. తెలుగులో శుక్రవారం మూడు గంటలకు అంటూ పెద్దదాన్ని ముందు చెబుతాం కాబట్టి ఈ వరుస అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది.

‘ఆన్ నెక్స్ట్ మండే’ అని రాస్తే తప్పన్నారు. ఆన్ రోజుకే కదా వాడేది?

రోజుకే. అయితే నెక్స్ట్, లాస్ట్, దిస్, ఎవ్రీ అనే మాటలు ముందుంటే ప్రిపొజిషన్ పెట్టరు. ‘సీ యూ నెక్స్ట్ మండే’, ‘షి కేమ్ లాస్ట్ వీక్’, ‘వి మీట్ ఎవ్రీ ఫ్రైడే’ సరైనవి. టుడే, టుమారో, యెస్టర్‌డే ముందు కూడా అంతే. ‘ఆన్ టుమారో’ అనేది ఉండదు.

శుక్రవారం లోగా పంపమనడానికి బై వాడాలా, అంటిల్ వాడాలా?

బై వాడాలి. ఒక్కసారి జరిగి ముగిసిపోయే పనికి గడువు చెప్పేది బై: ‘ప్లీజ్ సెండ్ ద ఫామ్ బై ఫ్రైడే’. ఒక స్థితి అప్పటిదాకా సాగుతుందని చెప్పేది అంటిల్: ‘ఐ విల్ బి ఆన్ లీవ్ అంటిల్ ఫ్రైడే’. ‘సెండ్ ఇట్ అంటిల్ ఫ్రైడే’ అని రాస్తే శుక్రవారం దాకా పంపుతూనే ఉండమన్నట్లు అవుతుంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ‘ఆన్ లీవ్ అంటిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారం కూడా సెలవేనా, లేక ఆ రోజు పనిలోకి వస్తున్నారా? చదివినవారు రెండు విధాలుగానూ అర్థం చేసుకుంటారు. సెలవు చీటీలో, గడువు తేదీల్లో ఆ అనుమానానికి తావివ్వకూడదు. ‘ఐ విల్ బి బ్యాక్ ఆన్ ఫ్రైడే’ అని తిరిగి వచ్చే రోజే రాసేయడం మంచిది.

సిన్స్, ఫర్ ఎప్పుడూ తారుమారవుతున్నాయి. తేలికైన గుర్తు ఏమైనా ఉందా?

ఉంది. తెలుగులో ‘గా’ చేర్చి చూడండి. ‘ఐదేళ్లుగా’, ‘రెండు నెలలుగా’ అనగలిగితే అది కాలవ్యవధి. అక్కడ ఫర్ వస్తుంది. ‘2019గా’, ‘సోమవారంగా’ అనలేం. అది మొదలైన క్షణం. అక్కడ సిన్స్ వస్తుంది. తారుమారు కావడానికి కారణం ‘నుంచి’. ఐదేళ్ల నుంచి, 2019 నుంచి అని రెండింటికీ ఒకే మాట వాడతాం.

క్రియారూపం మీదా కన్నేసి ఉంచాలి. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అనే వాక్యంలో తప్పులు రెండు. ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనాలి. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘హ్యావ్ బీన్’ కావాలి.

‘ఇన్ టూ డేస్’, ‘వితిన్ టూ డేస్’ ఒకటేనా?

కాదు. ‘ఐ విల్ కాల్ యూ ఇన్ టూ డేస్’ అంటే ఇంచుమించు రెండు రోజులు గడిచాక అని. ‘వితిన్ టూ డేస్’ అంటే ఆ రెండు రోజుల లోపు ఎప్పుడైనా అని. తెలుగులో ‘రెండు రోజుల్లో’ అనే మాట రెంటికీ సరిపోతుంది కాబట్టి మనకు తేడా తెలియదు. అవతలివారికి మాత్రం తెలుస్తుంది. గడువు విధిస్తున్నప్పుడు వితిన్ వాడండి.

కారుకు ఇన్, బస్సుకు ఆన్ ఎందుకు?

లోపల నిలబడి నడవగలిగే వాహనాలకు సాధారణంగా ఆన్ వాడతారు: ‘ఆన్ ద బస్’, ‘ఆన్ ద ట్రెయిన్’, ‘ఆన్ ద షిప్’. వంగి దూరి కూర్చునే వాటికి ఇన్: ‘ఇన్ ద కార్’, ‘ఇన్ ఎ ట్యాక్సీ’. సైకిలు, గుర్రం లాంటి వాటిపై ఎక్కి కూర్చుంటాం కాబట్టి వాటికీ ఆన్. ఇది గుర్తుంచుకోవడానికి పనికొచ్చే కొలత మాత్రమే, ప్రతిచోటా నిలిచే నియమం కాదు.

మనకు ‘లో’ వినిపించినా ఇంగ్లిష్‌లో ఆన్ వచ్చేవి ఇంకా కొన్ని ఉన్నాయి: ఫోన్‌లో మాట్లాడాను అంటే ‘ఆన్ ద ఫోన్’, జాబితాలో అంటే ‘ఆన్ ద లిస్ట్’, ఐదో పేజీలో అంటే ‘ఆన్ పేజ్ ఫైవ్’, సెలవులో అంటే ‘ఆన్ లీవ్’.

అరైవ్ ఎట్ రాయాలా, అరైవ్ ఇన్ రాయాలా?

స్టేషన్, కార్యాలయం వంటి చోటికి ‘అరైవ్ ఎట్’, నగరానికి లేదా దేశానికి ‘అరైవ్ ఇన్’. ‘అరైవ్ టు’ అనరు. అదే అర్థమున్న రీచ్‌కు ప్రిపొజిషనే అక్కర్లేదు: ‘వి రీచ్డ్ ద స్టేషన్’. హోమ్‌కు రెంటితోనూ ఏమీ చేరదు: ‘అరైవ్డ్ హోమ్’, ‘రీచ్డ్ హోమ్’.

## క్రియలు, విశేషణాల పక్కన

‘డిస్కస్ అబౌట్’ తప్పు అంటారు. మరి ‘డిస్కషన్ అబౌట్’ ఎలా ఒప్పయింది?

డిస్కస్ క్రియ. దానికి కర్మ నేరుగా తగులుతుంది: ‘వి డిస్కస్డ్ ద ప్లాన్’. డిస్కషన్ నామవాచకం. నామవాచకం మరో నామవాచకాన్ని నేరుగా అందుకోలేదు కాబట్టి మధ్యలో ప్రిపొజిషన్ కావాలి. ఈ తేడా చాలా జంటల్లో కనిపిస్తుంది. ‘ఐ రిక్వెస్ట్ లీవ్’ అని రాయాలి, కానీ ‘మై రిక్వెస్ట్ ఫర్ లీవ్’ అనాలి. ‘హి ఎంఫసైజ్డ్ సేఫ్టీ’ అనాలి, కానీ ‘ఎంఫసిస్ ఆన్ సేఫ్టీ’. ‘దే ల్యాక్ టైమ్’, కానీ ‘ల్యాక్ ఆఫ్ టైమ్’. ‘ఆన్సర్ ద క్వశ్చన్’, కానీ ‘యాన్ ఆన్సర్ టు ద క్వశ్చన్’. నామవాచకంతో విన్న ప్రిపొజిషన్‌ను క్రియకూ తగిలించేయడం వల్లే ‘రిక్వెస్ట్ ఫర్ లీవ్’ అనే వాక్యాలు పుడుతున్నాయి. అటెండ్, కాంటాక్ట్, రిజెంబుల్ కూడా కర్మను నేరుగా తీసుకునే క్రియలే.

దీనికి ఎదురు పొరపాటూ ఉంది. ప్రిపొజిషన్ తప్పనిసరిగా కావలసిన చోట వదిలేస్తారు. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ కాదు, ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’. ‘రిప్లై మై మెయిల్’ కాదు, ‘రిప్లై టు మై మెయిల్’. ఆన్సర్‌కు టు అక్కర్లేదు, రిప్లైకి కావాలి. అర్థం దగ్గరదే అయినా ఏ క్రియ పద్ధతి ఆ క్రియది.

‘లుక్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ తప్పా? టు తర్వాత క్రియ మూలరూపమే కదా రావాలి?

‘లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’ అనాలి. ఇంగ్లిష్‌లో టు అనే మాట రెండు పనులు చేస్తుంది. ‘ఐ వాంట్ టు గో’లో అది క్రియకు ముందు వచ్చే గుర్తు. ‘లుక్ ఫార్వర్డ్ టు’లో అది ప్రిపొజిషన్. ప్రిపొజిషన్ తర్వాత నామవాచకమైనా, ఇంగ్ చేరిన క్రియైనా రావాలి.

ఏ టు ఏదో తేల్చుకోవడానికి క్రియ స్థానంలో ఒక నామవాచకం పెట్టి చూడండి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’ చక్కగా కుదిరింది. కాబట్టి అది ప్రిపొజిషన్. ‘ఐ వాంట్ టు యువర్ రిప్లై’ కుదరలేదు. కాబట్టి అక్కడ మూలరూపమే. ‘కమిటెడ్ టు’, ‘ఆబ్జెక్ట్ టు’, ‘ఇన్ అడిషన్ టు’ ఈ పరీక్షలో మొదటి రకానికే చెందుతాయి. ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ లేట్’ అంటే నాకు అలవాటే అని. ‘ఐ యూజ్డ్ టు వర్క్ లేట్’ అంటే ఒకప్పుడు అలా చేసేదాన్ని లేదా చేసేవాణ్ణి అని. ఉద్యోగ దరఖాస్తులో ఈ రెండూ మారితే చెప్పదలచింది తలకిందులవుతుంది.

ఏ విశేషణానికి ఏ ప్రిపొజిషన్ వస్తుందో ఎలా గుర్తుంచుకోవాలి?

రెండింటినీ ఒకే మాటగా నేర్చుకోవాలి. ‘గుడ్ ఎట్’, ‘ఇంటరెస్టెడ్ ఇన్’, ‘అఫ్రెయిడ్ ఆఫ్’, ‘రెస్పాన్సిబుల్ ఫర్’, ‘సీనియర్ టు’ అని జంటగానే మనసులో పడాలి. ‘సీనియర్ దాన్’ అని చాలామంది రాస్తారు. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్‌లకు ‘కంటే’ అనే అర్థం టు వల్ల వస్తుంది.

విడి మాటను కాకుండా మీరు నిజంగా రాయబోయే వాక్యాన్ని పుస్తకంలో రాసుకోండి. ‘ఐ యామ్ రెస్పాన్సిబుల్ ఫర్ ద మంత్లీ రిపోర్ట్’ అన్న వాక్యం గుర్తుండిపోతే ఫర్ కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇంగ్లిష్ నేర్చుకునేవారి కోసం తయారైన నిఘంటువులు మంచి తోడు. వాటిలో అర్థంతో పాటు ఏ ప్రిపొజిషన్ చేరుతుందో ఉదాహరణల్లో చూపిస్తారు. ఒక మాటకే రెండు మూడు చేరే సందర్భాలూ అక్కడే తెలుస్తాయి. మనిషితో ఏకీభవిస్తే ‘అగ్రీ విత్’, ప్రతిపాదనకు ఒప్పుకుంటే ‘అగ్రీ టు’, చర్చించి ఒక తేదీ ఖాయం చేసుకుంటే ‘అగ్రీ ఆన్’.

‘టర్న్ ఇట్ ఆన్’ అంటారు కానీ ‘లుక్ ఇట్ ఎట్’ అనరు. ఎందుకు?

‘లుక్ ఎట్’లో ఎట్ ప్రిపొజిషన్. అది తన సర్వనామాన్ని వెంటే ఉంచుకుంటుంది: ‘లుక్ ఎట్ ఇట్’. ‘టర్న్ ఆన్’లో ఆన్ ప్రిపొజిషన్ కాదు, క్రియలో భాగం. అందుకే సర్వనామం మధ్యలోకి వస్తుంది. ‘టర్న్ ఆన్ ద లైట్’, ‘టర్న్ ద లైట్ ఆన్’ రెండూ సరైనవే కానీ ‘టర్న్ ఆన్ ఇట్’ కుదరదు. అనుమానం వస్తే ‘ఇట్’ పెట్టి చూస్తే తేలిపోతుంది.

‘బిట్వీన్ యూ అండ్ ఐ’ అనేదే మర్యాదగా వినిపిస్తుంది. అది తప్పా?

రాతలో తప్పుగానే చూస్తారు. ప్రిపొజిషన్ తర్వాత మీ, హిమ్, హర్, అస్, దెమ్ రూపాలే రావాలి: ‘బిట్వీన్ యూ అండ్ మీ’. ‘ప్లీజ్ సెండ్ ఇట్ టు రవి అండ్ ఐ’ లాంటి వాక్యంలో మొదటి పేరు తీసేసి చదవండి. ‘సెండ్ ఇట్ టు ఐ’ అని ఎవరూ అనరు.

## వాక్యంలో అమర్చేటప్పుడు

వాక్యం చివర ప్రిపొజిషన్ రాకూడదని బడిలో చెప్పారు. నిజమేనా?

కాదు. ‘హూ ఆర్ యూ టాకింగ్ టు?’, ‘దిస్ ఈజ్ ద రిపోర్ట్ ఐ వజ్ వెయిటింగ్ ఫర్’ మంచి ఇంగ్లిష్ వాక్యాలు. ఈ నిషేధానికి మూలపురుషుల్లో కవి జాన్ డ్రైడెన్ ఒకరు. 1672లో ఆయన తన ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాల్లో దీన్ని దోషంగా ఎత్తిచూపాడు. తర్వాతి వ్యాకరణ పుస్తకాలు దాన్ని నియమంగా మార్చాయి. 1926 నాటికి వాడుక నిఘంటుకర్త హెన్రీ ఫౌలర్ దీన్ని మూఢనమ్మకమనే తేల్చాడు. అయినా తరగతి గదులను ఇంకా వదల్లేదు.

లాంఛనమైన పత్రంలో ‘టు హూమ్’, ‘ఫర్ విచ్’ అని ముందుకు తెస్తే కాస్త గంభీరంగా ఉంటుంది. మామూలు ఈమెయిల్‌లో అది బిగుసుకుపోయినట్లు ఉంటుంది. చివరి ప్రిపొజిషన్‌కు పనే లేకపోతే మాత్రం తీసేయాలి. ‘వేర్ ఆర్ యూ ఎట్?’లో ఎట్ లేకున్నా అర్థం మారదు.

నేను రాసిన వాక్యాన్ని చదివినవాళ్లు వేరేగా అర్థం చేసుకున్నారు. పదబంధం తప్పుచోట పెట్టానా?

అయ్యుండవచ్చు. ప్రిపొజిషన్ పదబంధాల విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. ఎట్‌కు బదులు ఇన్ రాస్తే అర్థం చెడేది తక్కువ. పదబంధం చోటు తప్పితే చెప్పిన విషయమే మారిపోతుంది.

ఈ వాక్యం చూడండి: ‘వి డిస్కస్డ్ ద కంప్లైంట్స్ అబౌట్ ద నాయిస్ ఆన్ మండే’. ఇక్కడ వ్యాకరణ దోషం లేదు. కానీ సోమవారం ఏం జరిగింది? మనం చర్చించింది సోమవారమా? ఫిర్యాదులు వచ్చింది సోమవారమా? గోల జరిగింది సోమవారమా? మూడూ సాధ్యమే. రాసినవారికి తమ ఉద్దేశం తెలుసు కాబట్టి మిగతా రెండూ కంటికి ఆనవు.

తెలుగులో రాస్తే ఈ ఇబ్బంది ఇంతగా రాదు. ‘సోమవారం జరిగిన గోల గురించి వచ్చిన ఫిర్యాదులను చర్చించాం’ అంటాం. జరిగిన, వచ్చిన అనే మాటలు ఏది దేనికి చెందుతుందో ముడివేసి చూపిస్తాయి. ఇంగ్లిష్ పదబంధాలకు అలాంటి ముడి లేదు. దగ్గరగా ఉండటమే వాటికి గుర్తు. కాబట్టి చర్చ సోమవారం జరిగితే ‘ఆన్ మండే, వి డిస్కస్డ్ ద కంప్లైంట్స్ అబౌట్ ద నాయిస్’ అని ముందుకు తెండి. ఫిర్యాదులు ఆ రోజు వస్తే ‘ద కంప్లైంట్స్ వి రిసీవ్డ్ ఆన్ మండే అబౌట్ ద నాయిస్’ అనండి. గోల ఆనాటిదైతే ‘మండేస్ నాయిస్’ అనేస్తే చాలు.

క్రియ, కర్మ తర్వాత ఒక పదబంధం చేరితే వాక్యాన్ని రెండు విధాలుగా విడదీయవచ్చు. రెండు చేరితే 5 విధాలు, మూడు చేరితే 14 విధాలు. అన్నీ అర్థవంతం కావు కానీ సంఖ్య ఎంత వేగంగా పెరుగుతోందో చూడండి. కంప్యూటర్‌కు భాష నేర్పేవారిని దశాబ్దాల పాటు తిప్పలు పెట్టిన సమస్యల్లో ఇదొకటి. ఒకే వాక్యం చివర వరుసగా మూడు పదబంధాలు కనిపిస్తే ఆగి, ఒకదాన్ని ముందుకు జరపండి, లేదా వాక్యాన్ని రెండుగా చేయండి.

వాక్యం మొదట్లో పదబంధం వస్తే కామా పెట్టాలా?

పొడవుగా ఉంటే పెట్టండి. ‘ఇన్ 2023 వి మూవ్డ్’ లాంటి చిన్నదానికి పెట్టినా, మానినా తప్పు లేదు. అయితే కామా లేనందువల్ల రెండు మాటలు కలిసిపోయి తప్పుదారి పట్టిస్తుంటే ఎంత చిన్నదైనా పెట్టాలి. పదబంధం వాక్యం చివర వస్తే సాధారణంగా కామా అక్కర్లేదు.

‘ద లిస్ట్ ఆఫ్ నేమ్స్’ తర్వాత ఈజ్ రావాలా, ఆర్ రావాలా?

ఈజ్. కర్త లిస్ట్. ‘ఆఫ్ నేమ్స్’ దానికి తోడుగా వచ్చిన పదబంధం. క్రియ పక్కనున్న నేమ్స్ బహువచనం కావడంతో చెయ్యి ఆర్ వైపు పోతుంది. పదబంధాన్ని వేలితో మూసి ‘ద లిస్ట్ ఈజ్’ అని చదువుకుంటే సరి. ‘వన్ ఆఫ్ ద రిపోర్ట్స్ ఈజ్ మిస్సింగ్’ కూడా ఇలాగే. ‘ద మేనేజర్, అలాంగ్ విత్ టూ అసిస్టెంట్స్, ఈజ్ కమింగ్’ అన్నప్పుడు వచ్చేది ముగ్గురైనా క్రియ ఏకవచనమే.

మూసి చదివే పద్ధతి పనిచేయని చోట్లూ ఉన్నాయి. ‘ఎ నంబర్ ఆఫ్ పీపుల్ ఆర్ వెయిటింగ్’లో బహువచనం వస్తుంది, ఎందుకంటే అక్కడ ‘ఎ నంబర్ ఆఫ్’ అంటే చాలామంది అని. ‘ద నంబర్ ఆఫ్ పీపుల్ ఈజ్ రైజింగ్’లో మాత్రం సంఖ్యే కర్త. ఆల్, సమ్, మోస్ట్ లాంటి వాటికి ఆఫ్ తర్వాతి మాటే దిక్కు: ‘ఆల్ ఆఫ్ ద వాటర్ ఈజ్’, ‘ఆల్ ఆఫ్ ద బాటిల్స్ ఆర్’.

## దిద్దుకునేటప్పుడు

నా వాక్యాల్లో ఆఫ్ మీద ఆఫ్ వస్తోంది. ఎలా తగ్గించాలి?

‘ద కాపీ ఆఫ్ ద రిపోర్ట్ ఆఫ్ ద కమిటీ ఆఫ్ ద డిపార్ట్‌మెంట్’ లాంటిది ‘యొక్క’ను వరుసగా పేర్చినట్లు ఉంటుంది. మనుషులకు, సంస్థలకు చెందినదైతే అపాస్ట్రఫీ ఎస్ (’s) వాడండి: ‘ద కమిటీస్ రిపోర్ట్’. రెండు నామవాచకాలను పక్కపక్కన పెట్టినా చాలు: ‘ద డిపార్ట్‌మెంట్ కమిటీ’. మొత్తం కలిపితే ‘ఎ కాపీ ఆఫ్ ద డిపార్ట్‌మెంట్ కమిటీస్ రిపోర్ట్’ అవుతుంది. ఒక్క ఆఫ్ మిగిలింది. అది ఉండవలసిందే.

‘విత్ రిఫరెన్స్ టు’, ‘ఫర్ ద పర్పస్ ఆఫ్’ లాంటివి రాస్తేనే ఆఫీసు ఉత్తరంలా ఉంటుంది కదా?

అలా అనిపిస్తుంది కానీ చదివేవారికి అవి అడ్డు. ‘విత్ రిగార్డ్ టు’కు బదులు ‘అబౌట్’ చాలు. ‘ఫర్ ద పర్పస్ ఆఫ్ చెకింగ్’కు ‘టు చెక్’ చాలు. ‘ఎట్ దిస్ పాయింట్ ఇన్ టైమ్’ అంటే ‘నౌ’. ‘డ్యూ టు ద ఫ్యాక్ట్ దట్’ అంటే ‘బికాజ్’. ‘ఇన్ ది ఈవెంట్ ఆఫ్’ చాలాచోట్ల ‘ఇఫ్’తో తీరిపోతుంది. పాత ఉత్తరం సంఖ్య, తేదీ చెప్పి జవాబిస్తున్నప్పుడు ‘విత్ రిఫరెన్స్ టు’ వాడుకలో ఉంది, అక్కడ ఉంచండి. మర్యాద ‘ప్లీజ్’లోనూ, స్పష్టతలోనూ ఉంటుంది. పొడవులో ఉండదు.

శీర్షికలో ప్రిపొజిషన్లకు పెద్ద అక్షరం వాడాలా?

పరిశోధన పత్రాలకు, పుస్తకాలకు ఏపీఏ, ఎంఎల్ఏ, షికాగో అనే రచనా శైలులు ఉన్నాయి. వాటిలో దేన్ని పాటిస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏపీఏ శైలిలో నాలుగు, అంతకు మించిన అక్షరాల ప్రిపొజిషన్లకు పెద్ద అక్షరం వాడతారు. ఎంఎల్ఏ శైలిలో ఎంత పొడవైనా చిన్న అక్షరమే. షికాగో శైలి కూడా చాలాకాలం అలాగే ఉండేది. 2024లో వచ్చిన 18వ కూర్పులో ఐదు, అంతకు మించిన అక్షరాలుంటే పెద్ద అక్షరం వాడమని మార్చారు. ఏ శైలిలోనైనా శీర్షిక మొదటి మాటకు పెద్ద అక్షరం తప్పదు.

పంపే ముందు చూసుకోవడానికి సమయం తక్కువ. ముందుగా ఏది చూడాలి?

తేదీలు, గడువులు చూడండి. నష్టం ఎక్కువ జరిగేది అక్కడే. తర్వాత ప్రతి వాక్యం చివర ఉన్న పదబంధం దేని గురించి చెబుతోందో చూసి, అది ఆ మాట పక్కనే ఉందో లేదో సరిచూడండి. ఇంకా సమయముంటే క్రియల పక్కన అనవసరంగా చేరిన అబౌట్, ఫర్‌లను ఏరేయండి. వ్యాకరణం దిద్దే సాఫ్ట్‌వేర్ ‘డిస్కస్ అబౌట్’ వంటివాటిని బాగానే పట్టుకుంటుంది. కానీ సోమవారం ఏం జరిగిందో దానికి తెలియదు కాబట్టి చోటు తప్పిన పదబంధం మీరే చూసుకోవాలి.

బ్రిటన్‌లో ఒకలా, అమెరికాలో ఒకలా రాస్తారు. దేన్ని పాటించాలి?

ఎవరికి రాస్తున్నారో వారిది. తేడాలు కొద్దివే. వారాంతానికి బ్రిటన్‌లో ‘ఎట్ ద వీకెండ్’, అమెరికాలో ‘ఆన్ ద వీకెండ్’ అంటారు. సోమవారం నుంచి శుక్రవారం వరకు అనడానికి అమెరికన్లు ‘మండే త్రూ ఫ్రైడే’ అంటారు. శుక్రవారం కూడా కలుస్తుందన్న స్పష్టత అందులో ఉంది. బ్రిటన్‌లో ‘మండే టు ఫ్రైడే’ అనడం మామూలు. వైద్యం కోసం చేరినవారు బ్రిటన్‌లో ‘ఇన్ హాస్పిటల్’, అమెరికాలో ‘ఇన్ ద హాస్పిటల్’ ఉంటారు. డిఫరెంట్ తర్వాత బ్రిటన్‌లో టు, అమెరికాలో దాన్ కూడా వినిపిస్తాయి కానీ ‘డిఫరెంట్ ఫ్రమ్’ రెండుచోట్లా చెల్లుతుంది. చదివేవారు ఏ దేశం వారో తెలియనప్పుడు అదే రాయండి.